రెండు వేళ్ల మందం పైపొర

(హనుమకొండలో సైన్సు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, ఖమ్మం, హైదరాబాద్ దాకా జనానికి కదలిక తెలిసింది. జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ఆ ఉదయం ఇచ్చిన వివరాల్లో తీవ్రత పక్కనే ఇంకో అంకె ఉంది: లోతు 40 కిలోమీటర్లు. ఇవాళ ఆ రెండో అంకెను పట్టుకుని మాట్లాడతాను. ఎందుకంటే మన ప్రాంతంలో భూపటలం, అంటే భూమి పైపెంకు, 35 నుంచి 40 కిలోమీటర్ల మందం ఉంటుంది. ఆ అంకె సరైనదే అయితే ఆ ఉదయం కదిలిన చోటు పెంకు అడుగున, దాని కింది పొరను ఆనుకుని ఉన్నట్టు. ఆ లోతుకు ఏ మనిషీ వెళ్లలేదు, ఏ యంత్రమూ వెళ్లలేదు. మరి 40 అని ఎట్లా చెప్పగలిగారు? ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే భూమి లోపలి పొరల పాఠం సగం తెలిసినట్టే.

ముందు మన కాళ్ల కింద చూద్దాం. ఇక్కడ బోరు వేసేటప్పుడు రిగ్గు దగ్గర నిలబడి చూసిన వాళ్లకు ఇది తెలుసు. మొదట మట్టి వస్తుంది. తర్వాత మొరం. మొరం అంటే వేరే ఏమీ కాదు, కింది బండే లక్షల ఏళ్లుగా నీళ్లకు, ఎండకు మెత్తబడి పొడయిన రూపం. అందుకే గట్టి బండ తగిలేదాకా కేసింగు పైపు దింపుతారు, లేకపోతే పక్కల నుంచి మొరం కూలి బోరు పూడుకుపోతుంది. ఆ తర్వాత ఆరున్నర అంగుళాల బిట్టు కింద బూడిద రంగు పొడి ఎగురుతూనే ఉంటుంది. అదే గ్రానైటు. ఎక్కడో పగులు తగిలితే నీళ్లు, లేకపోతే పొడే. వెయ్యి అడుగులు వేసినా, అంటే 300 మీటర్లు దిగినా, అదే బండ. ఓరుగల్లు అన్న పేరులోనే ఒకే కల్లు, అంటే ఒకే రాయి, ఉందని, ఏకశిలా నగరమని మన పెద్దలు చెప్పుకున్నది భూగర్భ శాస్త్రం ప్రకారం కూడా చాలా చక్కని పేరు. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లు.

ఇంకో సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. గ్రానైటు నేల మీద పుట్టదు. కరిగిన శిలాద్రవం కిలోమీటర్ల లోతున, చాలా నెమ్మదిగా చల్లారితేనే అందులో గింజలు కంటికి కనపడేంత పెద్దవి అవుతాయి. మన పద్మాక్షి గుట్ట, భద్రకాళి గుట్ట మీద తెల్లగా, గులాబీగా మెరిసే ఆ గింజలు ఉన్నాయంటే, మనం ఎక్కుతున్న రాయి ఒకప్పుడు ఎంతో లోతున ఉండేదని అర్థం. దాని మీది కిలోమీటర్ల మందం రాయి అరిగి, కొట్టుకుపోయి, ఇవాళ అది బయటపడింది. కరీంనగర్ వైపు గ్రాన్యులైటు అనే రకం రాళ్లున్నాయి. వాటిలోని ఖనిజాలు తయారవాలంటే పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోతులో ఉండే ఒత్తిడి కావాలి. భూపటలం మధ్య భాగం ఎట్లా ఉంటుందో చూడాలంటే రష్యా దాకా పోనక్కర లేదు, కరీంనగర్ చాలు.

రష్యా మాట ఎందుకంటే అక్కడ కోలా ద్వీపకల్పంలో మనిషి వేసిన అన్నింటికన్నా లోతైన బోరు ఉంది. 1970 మే 24న మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. ఆ లోతులో సుమారు 100 డిగ్రీల వేడి ఉంటుందనుకున్నారు, 180 డిగ్రీలు ఉంది. ఆ వేడికి, ఒత్తిడికి రాయి మెత్తబడి బిట్టు తీయగానే రంధ్రం మళ్లీ మూసుకుపోయేది. ఇంకో పాఠం కూడా అక్కడే దొరికింది. ఏడు కిలోమీటర్ల దగ్గర గ్రానైటు అయిపోయి బసాల్టు, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, మొదలవుతుందని భూకంప తరంగాల లెక్కను బట్టి అనుకున్నారు. బసాల్టు రాలేదు. పగుళ్లు పట్టి, నీళ్లు నిండిన పాత గ్రానైటు జాతి రాయే వచ్చింది. తరంగం వేగం మారిందంటే రాయి రకం మారిందనే అనుకోకూడదు, రాయి స్థితి మారినా వేగం మారుతుంది. పాత పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే సియాల్, సిమా, నిఫె అన్న మూడు పేర్లు వందేళ్ల కిందటివి. వాటిని చరిత్రగా చెప్పండి, ఇవాళ్టి పొరల పేర్లుగా చెప్పకండి.

తవ్వడం వల్ల మనకు తెలిసింది ఇంతే, భూమి నడిబొడ్డు దాకా ఉన్న 6,371 కిలోమీటర్లలో 12. మిగిలినదంతా రెండు పనుల వల్ల తెలిసింది: తూచడం, గడియారం చూడడం.

తూచడం నుంచి మొదలుపెడతాను. ఇది బడిలో చేయించదగ్గ పని. రెండు రాళ్లు తీసుకోండి. ఒకటి మన మామూలు గ్రానైటు. రెండోది నల్లరాయి, డోలరైటు. గ్రానైటు గుట్టల నడుమ నల్లగా, గోడ కట్టినట్టు వరుసగా పోయే రాళ్లను చూసే ఉంటారు. అవి డైకులు. చాలా లోతున కరిగిన ద్రవం పగుళ్లలోంచి పైకి వచ్చి గడ్డకట్టినవి. వ్యాపారంలో దీన్ని బ్లాక్ గ్రానైటు అంటారు గానీ అది గ్రానైటు కాదు. రామప్ప గుడి స్తంభాల్లో, దూలాల్లో గ్రానైటూ ఉంది, డోలరైటూ ఉంది. ఉలికి సన్నని పని ఏ రాయి నిలబెడుతుందో కాకతీయుల శిల్పులకు బాగా తెలుసు.

వేలాడదీసే డిజిటల్ కాటా, నైలాను దారం, బకెట్టు నీళ్లు చాలు. రాయిని ముందు ఒక గంట నీళ్లలో నానబెట్టి, పైన తుడిచి, గాలిలో తూచండి. గ్రానైటు 2,120 గ్రాములు తూగిందనుకోండి. అట్లాగే దారంతో నీళ్లలో పూర్తిగా ముంచి మళ్లీ తూచండి. 1,320 వస్తుంది. తగ్గిన 800 గ్రాములు అది పక్కకు నెట్టిన నీళ్ల బరువు. 2,120ని 800తో భాగిస్తే 2.65. నీళ్ల కన్నా గ్రానైటు రెండున్నర రెట్ల పైచిలుకు బరువన్నమాట. 2,100 గ్రాముల డోలరైటు నీళ్లలో 1,400 చూపిస్తుంది. తగ్గింది 700, సాంద్రత 3.0.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. రాయి బకెట్టు గోడకో అడుగుకో తగిలితే కాటా తక్కువ చూపిస్తుంది, సాంద్రత తప్పు వస్తుంది. రాయి గుంటల్లో గాలి బుడగలు నిలిచినా అంతే, చేత్తో రుద్ది వదిలించాలి. మొరం పట్టిన మెత్తటి రాయి తీసుకోవద్దు. అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు చిన్న రాయి తీసుకోవడం. కాటా 10 గ్రాములు అటూ ఇటూ చూపించేదైతే, రెండు కిలోల రాయికి ఆ తేడా లెక్కలోకి రాదు. 200 గ్రాముల రాయికి నీళ్లలో తగ్గేదే 75 గ్రాములు. అందులో 10 గ్రాములు తప్పితే గ్రానైటు ఏదో డోలరైటు ఏదో తేలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేల మీద దొరికే రాళ్లు 2.65, 3.0. మొత్తం భూమి సాంద్రత ఎంత? 1798లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ఒక్కొక్కటి 158 కిలోల సీసపు గోళాలు రెండు పెట్టి, అవి చిన్న గోళాలను ఎంత లాగుతున్నాయో సన్నని తీగ మెలి తిరిగిన కొలతతో పట్టుకున్నాడు. ఆయనకు వచ్చింది 5.48. ఇవాళ్టి అంకె 5.51. పైన ఉన్నది మూడుకు మించకపోతే సగటు అయిదున్నర ఎట్లా వచ్చింది? లోపల చాలా బరువైనదేదో ఉండాలి. పైబరువుకు రాయి నలిగి సాంద్రత పెరుగుతుంది, నిజమే. కానీ ఎంత నలిగినా రాయి పొర అడుగున 5.6 దగ్గరే ఆగుతుంది. సగటు 5.51 కావాలంటే నడుమ 10, 13 సాంద్రత ఉన్న ముద్ద కావాలి. రాయి చాలదు, లోహం కావాలి. విశ్వంలో అంత విరివిగా దొరికే బరువైన లోహం ఇనుమే. ఆకాశం నుంచి పడే ఉల్కల్లో కొన్ని అచ్చంగా ఇనుము, నికెల్‌తో ఉండడం దీనికి ఇంకో సాక్ష్యం.

లోహం ఉందని తూకం చెబుతుంది. అది ఎక్కడ మొదలవుతుందో చెప్పదు. దానికి గడియారం కావాలి.

భూకంపం వస్తే రెండు రకాల తరంగాలు రాయి లోపల ప్రయాణిస్తాయి. పీ తరంగం రాయిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ పోతుంది, గాలిలో శబ్దం పోయినట్టు. ఎస్ తరంగం రాయిని పక్కకు ఊపుతూ పోతుంది, తాడు ఒక కొస పట్టుకుని విదిలించినట్టు. భూపటలంలో పీ వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ వేగం మూడున్నర. ములుగు భూకంప కేంద్రం హనుమకొండకు దాదాపు 90 కిలోమీటర్లు. లోతు 40 అనుకుంటే తరంగం వచ్చే దారి 98 కిలోమీటర్లు. పీ 16 సెకన్లలో వచ్చింది, ఎస్ 28 సెకన్లలో. ముందు చిన్న అదురు, పది పన్నెండు సెకన్ల తర్వాత పెద్ద ఊపు అన్నమాట. పీ, ఎస్ మధ్య సెకన్లను 8తో గుణిస్తే సుమారు దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఒక నమోదు కేంద్రానికి దూరమే తెలుస్తుంది, దిక్కు తెలియదు. మూడు నమోదు కేంద్రాల నుంచి మూడు వృత్తాలు గీస్తే అవి కలిసేచోటు దొరుకుతుంది.

ఇక లోతు. భూకంపం నేల మీద ఏ చోటికి కింద వచ్చిందో తేల్చడం తేలిక, లోతు తేల్చడం కష్టం. లెక్క చూడండి. అదే భూకంపం 40 కాకుండా 10 కిలోమీటర్ల లోతులో వచ్చి ఉంటే, హనుమకొండకు దారి 98 బదులు 91 కిలోమీటర్లు. పీ రాకలో తేడా సెకను కంటే కొంచెం ఎక్కువ. హైదరాబాద్ దూరానికి ఆ తేడా అర సెకనుకు దిగిపోతుంది. పైగా భూకంపం సరిగ్గా ఏ క్షణంలో మొదలైందో మనకు ముందుగా తెలియదు, దాన్నీ ఈ లెక్కలోంచే తీయాలి. మొదలైన క్షణాన్ని ఒక సెకను జరిపితే 40 కాస్తా 10 లాగా, 10 కాస్తా 40 లాగా సరిపోతుంది. దీన్ని విడదీయాలంటే భూకంపం వచ్చిన చోటికి 30, 40 కిలోమీటర్లలోపే భూకంప లేఖిని ఉండాలి. అందుకే తొలి ప్రకటనలో వచ్చే లోతును రాయి మీద గీతలా తీసుకోకూడదు. ఆ ఉదయం చెప్పిన 40కి పక్కన కొన్ని కిలోమీటర్ల వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది. పిల్లలు అడిగితే ఈ మాట దాచకుండా చెప్పండి.

పెంకు మందం ఎట్లా తెలిసిందో ఇప్పుడు చెప్పడం సులువు. 1909 అక్టోబరు 8న క్రొయేషియాలో జాగ్రెబ్ దగ్గర భూకంపం వచ్చింది. ఆంద్రియా మొహొరోవిచిచ్ అనే శాస్త్రవేత్త అనేక కేంద్రాల నమోదులు తెప్పించి చూశాడు. కొన్నిచోట్ల పీ తరంగం ఒక్కటి కాదు, రెండు వచ్చాయి. దగ్గరి ఊళ్లలో నెమ్మది తరంగం ముందు, దూరపు ఊళ్లలో వేగం తరంగం ముందు. మనకు తెలిసిన పోలికతో చెబుతాను. పక్క ఊరికి పోవాలంటే ఊళ్లోంచి బస్సే నయం. హైదరాబాద్ పోవాలంటే కాజీపేట దాకా పోయి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు ముందు దిగుతాడు. స్టేషను దాకా పోవడం వృథా అనిపించినా, ఒక దూరం దాటాక ఆ వృథా కలిసొస్తుంది. తరంగం కూడా పెంకు అడుగుకు దిగి, కింద వేగంగా పోయే రాయి అంచున పరుగెత్తి, మళ్లీ పైకి వస్తుంది. ఆ కింది దారి ముందయ్యే మలుపు దూరం తెలిస్తే పెంకు మందం లెక్కకొస్తుంది. పెంకులో వేగం 6.4, కింద 8.1, మందం 36 కిలోమీటర్లు అయితే మలుపు సుమారు 210 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. ఆ సరిహద్దునే మోహో అంటున్నాం. సముద్రాల కింద అది సముద్రపు అడుగు నుంచి ఆరేడు కిలోమీటర్ల లోతులోనే ఉంది, టిబెట్ కింద 70 దాకా.

మోహో కిందిది భూప్రావారం. ఇక్కడ మన పాఠాల్లో జరిగే అతి పెద్ద తప్పు సరిచేయాలి. బొమ్మల్లో దీనికి ఎర్ర రంగు, నారింజ రంగు వేస్తారు. దాంతో పిల్లలు పెంకు కింద లావా సముద్రం ఉందనుకుంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అదే అనుకుంటారు. భూప్రావారం గట్టి రాయి. దాని పైభాగం ఆలివిన్ అనే పచ్చని ఖనిజం ఎక్కువగా ఉండే రాయి. సాక్ష్యం గడియారమే. ఎస్ తరంగం ద్రవంలో పోలేదు. నీళ్లను పక్కకు తోస్తే అవి తిరిగి వెనక్కి లాక్కోవు, ఎటు తోస్తే అటు పోతాయి. గట్టి పదార్థమే వంచితే తిరిగి నిలబడుతుంది. జపాన్‌లో భూకంపం వస్తే పీ తరంగం తొమ్మిదిన్నర నిమిషాల్లో మన దగ్గరికి చేరుతుంది, ఎస్ పదిహేడు నిమిషాలు దాటాక చేరుతుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి వచ్చిన ఎస్ తరంగం అది. దారంతా గట్టి రాయి కాకపోతే రానే రాదు. ఇంకో లెక్క కూడా వేయించండి. టోక్యో నుంచి మనకు భూమి లోపలి సూటి దూరం 5,940 కిలోమీటర్లు. తొమ్మిదిన్నర నిమిషాల్లో వచ్చిందంటే సగటు వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటింది. పైన 8 మాత్రమే. లోతుకు పోయినకొద్దీ రాయి బిగుసుకుని వేగం పెరుగుతోంది. అందుకే తరంగం సూటిగా పోకుండా వంగి పోతుంది.

మరి వేల డిగ్రీల వేడిలో ఎందుకు కరగదు? ఒత్తిడి వల్ల. కుక్కరులో ఆవిరి బిగించి ఉన్నంతసేపు నీళ్లు 100 దగ్గర మరగవు, 120 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. రాయి కరగడం కూడా అంతే, పైబరువు పెరిగినకొద్దీ కరిగే వేడి పెరుగుతుంది. కుక్కరు విజిలు ఒక్కసారిగా లేపేస్తే నీళ్లు లోపల భళ్లున పొంగుతాయి కదా, వేడి పెంచకపోయినా. వేడి రాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినచోట కూడా అదే జరుగుతుంది, అందులో కొంత భాగం కరుగుతుంది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట అట్లా పైకి వచ్చి పరుచుకున్న లావా ఆదిలాబాద్ నల్లరేగడి కింద బసాల్టుగా ఉంది. కరగడం కొన్ని చోట్ల, కొంత మేర జరిగే పని. అడుగునంతా నిండి ఉన్న సముద్రం కాదు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వస్తుంటే కింద అగ్నిపర్వతం ఉందంటారు. అట్లాంటిదేమీ లేదు. గోదావరి లోయ పాత పగుళ్లతో దిగబడిన నేల, బొగ్గు పేరుకున్నదీ అక్కడే. ఆ పగుళ్లలోంచి నీళ్లు చాలా లోతుకు దిగి వేడెక్కి మళ్లీ పైకి వస్తున్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తీవ్రత భూకంపమూ, ములుగుదీ ఈ లోయ పగుళ్ల ప్రాంతంలోవే.

గట్టి రాయి అన్నాను గదా, మరి ఖండాలు కదులుతున్నాయెట్లా అంటారు. సెకన్లలో వచ్చిపోయే తరంగానికి అది గట్టి. లక్షల ఏళ్ల బరువుకు అదే రాయి సాగుతుంది. మన భూభాగం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరం వైపు, కొంచెం తూర్పుగా జరుగుతోంది. ఈ కదలికలో పెంకు ఒక్కటే కదలదు. పెంకూ, దాని కింద భూప్రావారం పైభాగంలో చల్లగా బిగుసుకున్న రాయీ కలిసి ఒకే పలకగా కదులుతాయి. దాన్ని శిలావరణం అంటాం, పాత ఖండాల కింద వంద, రెండు వందల కిలోమీటర్లు. భూపటలమూ శిలావరణమూ ఒకటే అని రాయించవద్దు. మొదటిది రాయి దేనితో తయారైందో చూసి చేసిన విభజన, రెండోది రాయి ఎట్లా నడుచుకుంటుందో చూసి చేసినది.

వేడి గురించి ఒక లెక్క తప్పు చాలా చోట్ల కనిపిస్తుంది. కిలోమీటరుకు 25 డిగ్రీలు పెరుగుతుందని చదివి, 6,371తో గుణించి నడుమ లక్షా అరవై వేల డిగ్రీలంటారు. ఆ 25 పెంకుకు మాత్రమే చెల్లుతుంది, అక్కడ వేడి రాయిలోంచి మెల్లగా పాకుతుంది. మన పాత గ్రానైటులో అంతకన్నా తక్కువే. కింద భూప్రావారంలో రాయే కదిలి వేడిని మోసుకొస్తుంది, అందుకే అక్కడ పెరుగుదల కిలోమీటరుకు అర డిగ్రీ కూడా ఉండదు. భూకేంద్రం దగ్గర 5,000 డిగ్రీలకు కొంచెం పైన, దాదాపు సూర్యుడి ఉపరితలం అంత వేడి.

ఇక కేంద్రమండలం, అంటే భూమి నడుమ ఉన్న ఆ లోహపు ముద్ద. దీని మొదటి అడుగు మన దేశంలోనే పడింది. 1897 జూన్ 12న అస్సాంలో, షిల్లాంగ్ ప్రాంతంలో మహా భూకంపం వచ్చింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాని నమోదుల్లో పీ, ఎస్, ఉపరితల తరంగాలను వేరుచేసి చూపించాడు. 1906లో అదే పద్ధతిలో భూమి నడుమ తరంగాలను నెమ్మదింపజేసే మండలం ఉందని చెప్పాడు. 1913 ప్రాంతంలో బెనో గుటెన్‌బర్గ్ దాని లోతు 2,900 కిలోమీటర్లని తేల్చాడు. ఇవాళ్టి అంకె 2,891. ఇది భూమి లోపల అన్నింటికన్నా పెద్ద గడప. గడప పైన పీ వేగం 13.7, దాటగానే 8.1. ఎస్ వేగం పైన 7 దాటి ఉంటుంది, దాటగానే సున్నా. ఎస్ ఆగిపోయిందంటే అక్కడ ద్రవం ఉంది. 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ ఆ మాట గట్టిగా నిరూపించాడు. ఇనుము, నికెల్, వాటితో పాటు గంధకం, ఆక్సిజన్, సిలికాన్ లాంటి తేలికవి కొన్ని కలిసిన ద్రవం. ఆ ఇనుము కదలడం వల్లే దిక్సూచి ఉత్తరం చూపిస్తోంది. లోపల పెద్ద అయస్కాంతం కడ్డీ ఉన్నట్టు బొమ్మ వేస్తారు గానీ, ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంతంగా నిలవదు. అక్కడ 4,000.

ఈ ద్రవం వల్ల ఒక నీడ పడుతుంది. లోపలికి దిగిన తరంగం గడప దగ్గర వేగం పడిపోయి లోపలికి వంగుతుంది. అందుకే భూకంపం నుంచి 104 డిగ్రీల దూరం దాటాక 140 దాకా సూటి పీ తరంగం రాదు. ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. కాలిఫోర్నియా మనకు 120 నుంచి 125 డిగ్రీల దూరంలో ఉంది, సరిగ్గా ఈ నీడలో. మన పిల్లలు ఎంతోమంది ఉన్న ఆ నేల మీద భూకంపం వస్తే దాని సూటి పీ తరంగం తెలంగాణకు చేరదు. చిలీలో వస్తే చేరుతుంది. అది ఇంకా దూరం, 149 డిగ్రీలు, కానీ ఆ తరంగం కేంద్రమండలం మధ్యలోంచి దాదాపు 20 నిమిషాల్లో ఇక్కడికి వస్తుంది.

నీడలో ఏమీ రాకూడదు. అయినా బలహీనమైన తరంగాలేవో వస్తున్నాయి. 1929లో వచ్చిన న్యూజిలాండ్ భూకంపం నమోదులను డెన్మార్క్‌లో ఇంగె లేమన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ బలహీన తరంగాలకు సరైన కారణం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ద్రవం నడుమ ఇంకో గోళం ఉండి, దాన్ని తాకి అవి నీడలోకి మళ్లుతున్నాయని 1936లో ఆమె చూపించారు. దాని వ్యాసార్థం 1,220 కిలోమీటర్లు. అన్నింటికన్నా వేడిగా ఉన్నా అది గట్టిదే. అక్కడి ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 33 నుంచి 36 లక్షల రెట్లు. మళ్లీ కుక్కరు సూత్రమే. అది గట్టిదని భూమి మొత్తం గంటలా మోగే కంపనాల నుంచి 1971లో రుజువైంది.

ఇప్పుడు ఇదంతా మైదానంలో గీయించండి. పుస్తకంలో బొమ్మకు కొలత ఉండదు, పెంకును మామిడి తొక్కంత చూపిస్తారు. ఒక మిల్లీమీటరు ఒక కిలోమీటరు అనుకోండి. నడుమ మేకు కొట్టి, సాగని ఇనుప తీగ కట్టండి. నూలు తాడు వద్దు, లాగితే పది సెంటీమీటర్లు సాగుతుంది, మీ పెంకు మొత్తం అందులో మాయమవుతుంది. 6 మీటర్ల 37 సెంటీమీటర్ల దగ్గర ముగ్గుతో బయటి వలయం. 3 మీటర్ల 48 సెంటీమీటర్ల దగ్గర కేంద్రమండలం అంచు. 1 మీటరు 22 దగ్గర లోపలి గట్టి గోళం. పదమూడు మీటర్ల స్థలం చాలు. బయటి వలయం నుంచి లోపలికి రెండు వేళ్లు పెట్టండి. అది భూపటలం. ఆ రెండు వేళ్ల చివర ములుగు భూకంపం, తొలి ప్రకటన ప్రకారం. కోలా బోరు 12 మిల్లీమీటర్లు, ముగ్గు గీత అంతే మందం. మన వెయ్యి అడుగుల బోరు మిల్లీమీటరులో మూడో వంతు, ముగ్గు పిండి రేణువంత.

తర్వాత బయటి వలయం మీద ఒకచోట ఓరుగల్లు పేరుతో మేకు కొట్టండి. ఒక డిగ్రీకి 11 సెంటీమీటర్ల లెక్కన అంచు వెంబడి 6 మీటర్ల 20 సెంటీమీటర్ల దగ్గర టోక్యో, ఇంకో వైపు 13 మీటర్ల 90 దగ్గర లాస్ ఏంజిలిస్. రెండింటికీ ఓరుగల్లు నుంచి దారం బిగించండి. టోక్యో దారం భూప్రావారం దాటదు. లాస్ ఏంజిలిస్ దారం మాత్రం 3 మీటర్ల 48 వలయం లోపలికి అర మీటరు పైగా చొచ్చుకుపోతుంది. పిల్లల్ని ఆ దారం వెంబడే నడవమనండి. ముగ్గు గీత దాటిన చోట ఆగి, తరంగం ఇక్కడినుంచి ఎటు వంగుతుందో వాళ్లనే చెప్పమనండి.